రంగు పోతే చాలదు

మొన్న కల్లూరు దగ్గర ఎవరో పొలం గట్టున మొక్కజొన్న బెండ్లు కాలుస్తున్నారు. ఆ పొగ ముక్కుకు తగలగానే బండి ఆపి నిలబడిపోయాను. గింజ ఒలిచాక ఆ బెండ్లు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరావనుకునేవాళ్ళం. వాటి బొగ్గు అద్దకపు నీళ్ళలోని రంగును పీల్చేస్తుందని మాకు చూపించింది పాల్వంచ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన సుగుణ మేడం.

చండ్రుగొండ పక్కన మా ఊళ్ళో నూలుకు రంగులద్దే షెడ్డు ఉండేది. అమ్మ అందులో పనిచేసేది. మిగిలిన నీళ్ళన్నీ నేరుగా వాగులోకే, ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా. ఆ సంగతి క్లాసులో చెబితే ఇంకెవరైనా అయ్యో అని ఊరుకునేవారు. మేడం ఆ ఆదివారమే చర్చి నుంచి తిన్నగా, తెల్లచీరతోనే, మా షెడ్డుకు వచ్చేశారు. బొగ్గుతో నీళ్ళు వడకట్టి చూపిస్తానన్నారు. ఓనరు ఒప్పుకున్నాడు గానీ, ఆఫీసర్లకు చూపించడానికి, నీళ్ళు బాగయ్యాయని ఆవిడే సంతకం పెట్టి కాగితం ఇవ్వాలన్నాడు.

డ్రమ్ములో బొగ్గు నింపే పని నాది. చాలలేదు. నాకు తెలివెక్కువై, మిరప కల్లంలో మిగిలిన తొడిమలూ తాలుకాయలూ సగం సగం కాల్చి అడుగున కుక్కాను. పైన ఎర్రనీళ్ళు పోస్తే కింద తేటనీళ్ళు దిగాయి. అమ్మ మురిసిపోయి వాటితో మొహం కడుక్కుంది. ఇక చూడాలి ఆమె అవస్థ.

"ఏం పోసినవే ఇందుల? కండ్లు మండుతున్నయ్" అని లబోదిబోమంది.

మేడం నా చెయ్యి వాసన చూసి, "ఖమ్మం పిల్లవనిపించుకున్నవ్ పో" అని నవ్వారు. తర్వాత ఆ తేటనీళ్ళకేసి చూస్తూ నవ్వు ఆపేశారు.

"రంగైతే పోయింది గద మేడం, సంతకం పెట్టుండ్రి" అన్నాడు ఓనరు.

"మిరపకారం కాబట్టి కండ్లు చెప్పినయ్. మండనిదేమన్న మిగిలుంటే ఎవరు చెప్తరు? పరీక్ష చేయించంది నేను పెట్టను."

"గట్లయితే షెడ్డు బంద్."

అన్నంత పనీ చేశాడు. ఆడవాళ్ళందరూ ఇళ్ళల్లో కూర్చున్నారు. చివరికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని మేడం ఇంటికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ జీతం ఆగదు గద మేడం" అంది.

మేడం కూడా లేచి నిలబడ్డారు. "ఆగదమ్మా. నువ్వన్నది నిజమే. అయినా పెట్టను" అన్నారు. ఆ రోజు నాకు ఆవిడ మీద ఒళ్ళు మండిపోయింది. ఇంత మొండితనం ఎవరికోసమని దారంతా తిట్టుకున్నాను.

ఆ కాగితం వేరే ఎవరో రాసిచ్చారు. షెడ్డు తెరిచారు, అమ్మ పనికి పోయింది. కానీ వాగు నీళ్ళు తేటగా కనబడ్డా అందులో బిందె ముంచలేదు. ఎందుకని అడిగితే, "ఆమె పెట్టలే గద" అంది.

ఇప్పుడు నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. ఓనర్లు అద్దంలాంటి నీళ్ళు సీసాల్లో తెచ్చి జల్దీ చెయ్యమంటారు. సంతకం ఆపితే షెడ్లు మూసేస్తామంటారు. మూస్తారు కూడా. అప్పుడు అక్కడ పనిచేసే ఆడవాళ్ళు వచ్చి, మా అమ్మ అడిగిందే అడుగుతారు. వాళ్ళనేదంతా నిలబడి వింటాను. పరీక్ష పూర్తయ్యేదాకా సంతకం మాత్రం పెట్టను.