చెల్లమ్మాళ్‌కు రాసిన కాగితం

సుందరమూర్తికి పంపులతో కుదిరిన స్నేహం మనుషులతో కుదరలేదు. తుడియలూరు వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళుగా ఫిట్టరు. ఆయన ఉండే గది చుట్టుపక్కల అంతా అరవం మాట్లాడే మిల్లు కార్మికులే. భార్య పోయాక ఆయనతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే మిగిలింది: సూలూరు దగ్గర ఒంటరిగా సేద్యం చేసుకునే చెల్లమ్మాళ్. అదీ ఆమె పంపు మొరాయించినప్పుడే.

నెలకు రెండుసార్లు మొరాయించేది. కబురు రాగానే ఈయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కేవాడు. పంపు బాగుచేయడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకయ్యా అంటే కోపం. నిజానికి పంపుకు రోగమేమీ లేదు. లోపలి గాలి పోయేలా ముందుగా పంపులో నీళ్ళు నింపకుండా ఆమె స్విచ్చి వేసేది. కంపెనీవాళ్ళ ఇంగ్లీషు పుస్తకం మాత్రం ఆమె పెట్టె అడుగున భద్రంగా ఉంది.

"నాకు తెలిసేటట్టు రాసి ఇయ్యండన్నా," అంది ఒకరోజు.

ఆ పక్క తెలుగువాళ్ళకు నోట తెలుగు, చేత అరవం. పెళ్ళి కబుర్లు కూడా తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లోనే రాసుకుంటారు. సుందరమూర్తీ అలాగే రాశాడు. "ముందు పంపులో నీళ్ళు పొయ్యి. ఆమీద మూత బిగించు. ఆమీద స్విచ్చి వెయ్యి." గాలిబుడగలు ఆగేదాకా పోయాలని మాత్రం రాయలేదు. మరచిపోయి కాదు. అది రాస్తే తన వేలితో తన కన్ను పొడుచుకోవడమే. ఇక తనను పిలిచేదెవరు?

వారం తిరక్కుండా కబురు వచ్చింది. వెళ్ళేసరికి చెల్లమ్మాళ్ బావిలో నీళ్ళు బిందెలతో తోడి మిరప నారుకు పోస్తోంది. అరచేతులు బొబ్బలెక్కాయి.

"కాగితంలో ఉండేటట్టే చేసినానన్నా. నాకే బుద్ధి చాల్లేదు," అంది.

సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయాడు. అక్కడే గట్టుమీద కూర్చుని మళ్ళీ రాశాడు. "నీళ్ళు పోస్తే బుడబుడమని గాలి వస్తుంది. అది ఆగేదాకా పొయ్యి. తొందర వద్దు. ఆమీదనే మూత."

ఆమె ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుకుంటూ అన్నీ తానే చేసింది. ఆయన చెయ్యి కూడా వెయ్యలేదు. నీళ్ళు కాలువలోకి దూకాయి.

"చానా మేలు చేసినారన్నా. ఇంగ మీరు ఈ ఎండలో అంత దూరం అలిసి వచ్చే పని లేదు," అంది సంతోషంగా.

"సరి అమ్మణీ," అన్నాడు.

ఆమె మంచి మనసుతోనే అంది. ఆ తరువాత తొమ్మిదేళ్ళు ఆ పంపు ఒక్కనాడూ ఆగలేదు, ఆయనకు కబురూ రాలేదు.