ఇరవయ్యారు బిళ్ళల కొసరు

ఆ రోజుల్లో రాయగడ బజారులో కొసరు అడక్కుండా కొట్టు మెట్లు దిగిన ఆడపిల్లలు ఉండేవారేమో, నేను మాత్రం కాదు. పదిహేడేళ్ళ వయసులో ఒక్క పైసా విదల్చకుండా డబ్బాడు విదేశీ మిఠాయి రాబట్టి, పక్కనే కూర్చున్న సొంత పిన్నికి ఒక్క బిళ్ళయినా పెట్టకుండా, ఇరవయ్యారు బిళ్ళలు గంటలోపు లాగించేసిన ఘనత మా కిరాణా వంశంలో నాకు తప్ప ఎవరికీ లేదు. ఇంకెవరికీ దక్కకూడదనే కోరుకుంటున్నాను. బేరంలో మా నాన్న నేర్పిన సూత్రాలు మూడే. కావలసిన వస్తువు వైపు చూడకూడదు. ధర నచ్చకపోతే లేచి వెళ్ళిపోవాలి, వాళ్ళే పిలుస్తారు. తినే కొసరు చేతికొస్తే అక్కడికక్కడే తినెయ్యాలి. బేరం చెడితే చేతిలో ఉన్నది లాక్కుంటారు గాని కడుపులో ఉన్నది లాక్కోలేరు. (నిజమే, లాక్కోలేరు. అది తనంతట తనే బయలుదేరితే ఏం చెయ్యాలో నాన్న చెప్పలేదు.)

సంగతేమిటంటే, తెరుబలి ఫ్యాక్టరీ కాలనీలో ఒక విదేశీ ఇంజనీరు కాపురం ఎత్తేస్తూ సామానంతా అమ్ముతున్నాడని, అందులో చేత్తో తిప్పే కుట్టుమిషను ఉందని కబురొచ్చింది. అది మా పిన్నికి కావాలి. బాబాయి పోయాక ఆవిడ మా ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది. అమ్మ ఎంత వద్దన్నా, తిన్నాక తన కంచంతోపాటు మా అందరి కంచాలూ కడిగేసేది. చేతికుట్టుతో రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టి నూట ఎనభై రూపాయలు కూడబెట్టింది. మిషనుంటే ఆ క్వార్టర్ల దగ్గరే ఒక గది అద్దెకి తీసుకుని, తన కంచం ఒక్కటీ తను కడుక్కుంటుంది. అంతకు మించిన ఆశ లేదు ఆవిడకి. బేరమంటే మాత్రం గొంతు పెగలదు. అందుకని నన్ను వెంటబెట్టుకుని పొద్దున్న ప్యాసింజరెక్కింది. “అమ్మీ, నా కాడ ఇంతకి మించి అణా లేదు. ఏటి సేస్తావో నీదే బారం,” అంటూ రైల్లో నాలుగుసార్లు కొంగుముడి తడుముకుంది. “నువ్వు నోరిప్పకు పిన్నీ, సాలు,” అన్నాను.

బంగళా వరండాలో సామానంతా పేర్చి ఉంది. దొరసాని మాట మాకూ మా మాట దొరసానికీ చేరవెయ్యడానికి పార్వతీపురం వైపు వంటాయన ఒకాయన ఉన్నాడు. నేను మిషను వైపు కన్నెత్తి చూడకుండా దీపపు గొడుగు ధర అడిగాను, బూట్లు తుడిచే బ్రష్షు ధర అడిగాను, చివరికి కిటికీలో ఉన్న నీలం రేకు డబ్బా చూపించి, “ఇంత దూరం వచ్చేం, కొసరుగా అదేనా ఇప్పించు మావా,” అన్నాను. ఇంకా ఏమీ కొనకుండానే కొసరడిగిన మనిషిని దొరసాని అదే మొదటిసారి చూడటం కాబోలు, నవ్వి తీసుకోమంది. వంటాయన మాత్రం గొంతు తగ్గించి, “ఒలమ్మా, అవి దొరగారి సుగరు జబ్బు మిఠాయిలు. పంచదారుండదు. రోజుకి ఒకటో రెండో తప్ప తినకూడదని డబ్బా మీదే రాసుందంట,” అన్నాడు. డబ్బా మీద ఉన్నది ఏ దేశపు రాతో నాకు తెలియదు. ఈయన మిగతావి తను తిందామని చూస్తున్నాడన్నది మాత్రం తెలిసిపోయింది. దొరసాని ఇంకెవరికో మంచాలు అమ్ముతూ ఉండగా ఒక్కొక్కటే నోట్లో వేసుకున్నాను. తియ్యగా, నాలుక మీద చల్లచల్లగా ఉన్నాయి. పిన్ని ఒకసారి ఆశగా చూసింది. నేను మిషను వైపు చూడనట్టే పిన్ని వైపూ చూడలేదు.

మంచాల బేరం తెమిలి మా వంతు వచ్చేసరికి నా కడుపులో ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. దొరసాని మూడొందలంది. నేను నూట ఇరవై అన్నాను. లోపల ఒక కుర్చీ పడింది. నిలబడితే నయమేమోనని లేచాను. వంటాయన కంగారుగా, “కూకో అమ్మీ, కూకో! రెండొందల అరవైకి దిగేరు!” అన్నాడు. కూర్చున్నాను. కూర్చుంటే మరీ ఘోరం. మళ్ళీ లేచాను. “బాబోయ్, ఏటి గుంట ఇది! రెండొందల ఇరవై! ఇంక దిగరు. స్టోర్సుబాబు పెళ్ళాం మద్దేన్నం ఆ ధరకే అట్టుకెల్తానన్నాది,” అన్నాడు. ఇంకో మాట మాట్లాడకుండా ఎనభై రూపాయలు తగ్గించిన బేరం నా జన్మలో మరొకటి లేదు. ఇంకొక్క నలభై దించితే పిన్నికి గది వచ్చినట్టే. కానీ మూడోసారి నేను లేచింది లేవడం కాదు, పరుగు. “ఒలే! బేరం కుదరకపోతే గేటుకేసి ఎల్తారు గానీ, ఇంట్లోకి పరిగెడతారేటే?” అని వంటాయన కేక వెనకాల వినిపించింది.

దొరసానికి అర్థమైపోయిందనుకుంటాను (ఇంట్లో ఆ బిళ్ళలు తినే దొరగారున్నారు కదా), తనే ఎదురొచ్చి ఒక తలుపు తెరిచింది. లోపల తెల్లటి పింగాణీ కుర్చీ, పక్కన కాగితం చుట్ట. చెంబు లేదు. నీళ్ళు లేవు. ఆ కాగితంతో పొట్లాలు కట్టుకోవచ్చు గానీ ఇంకే పనికీ వస్తుందని నా బుద్ధికి తట్టలేదు. “పిన్నీ, నీళ్ళు!” అని అరిచాను. నీళ్ళయితే రాలేదు గాని వరండాలోంచి పిన్ని గొంతు వినిపించింది. ఆ గొంతుతో అన్నేసి మాటలు నేనెప్పుడూ వినలేదు. “నూటెనబై ఉన్నాయమ్మగారూ. ఇదుగో ముడి, మీరే సూడండి. ఇంకేవీ లేవు. నాకు కుట్టు వచ్చును. ఇదుంటే నా బతుకు నాను బతుకుతాను.” ఉన్నదంతా ఒక్కసారి బల్ల మీద పెట్టేసేవాళ్ళు ఉంటారా! “పిన్నీ! నూటయాభై అను! నూటయాభై!” అని తలుపు బాదాను. బయట ఒకటే నవ్వులు. ఆ తర్వాత టకటకమని మిషను తిరిగిన చప్పుడు.

నేను చెంబెడు నీళ్ళతో (వంటాయన పుణ్యం) గౌరవంగా బయటికి వచ్చేసరికి పిన్ని చిరిగిన దిండుగలీబు ఒకటి కుట్టి దొరసాని చేతికిస్తోంది. దొరసాని కుట్టుని వెలుగులో పెట్టి చూసి, నూట ఎనభయ్యీ లెక్కపెట్టుకుని తీసుకుంది, ఒక్క రూపాయి వదల్లేదు. మిషను మూత వేశాక, సూదులూ దారపు ఉండలూ ఉన్న పెట్టె ఒకటి, ఎవరూ అడక్కుండానే, పిన్ని చేతిలో పెట్టింది. కుట్టు నచ్చిందో, పిన్ని మాట నచ్చిందో, బేరం సాగితే నేను వాళ్ళ బాత్రూంలోనే కాపురం పెడతానని భయపడిందో చెప్పలేను. రైల్లో పిన్ని మిషను ఒళ్ళో పెట్టుకుని నాగావళి చూస్తూ కూర్చుంది. నేను చూసిన దృశ్యాలు వేరు. ఇంటికి చేరాక నాన్న అడిగిన మొదటి మాట, “కొసరేటి తెచ్చేవు?” నేను పెరట్లోకి పరిగెత్తాను.

దిష్టి అంది అమ్మ, వాము నమిలించింది. నిజం తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. పెళ్ళయి కోరాపుట్‌లో కాపురం ఉంటుండగా మరిది ఎక్కడినుంచో పంచదార లేని చూయింగ్ గమ్ తెచ్చాడు. నాలుగు నమిలాను, పాత రాగమే. అక్కడి డాక్టరుగారు పొట్లం చదివి, “దీన్ని సార్బిటాల్ అంటారమ్మా, పంచదారకి దూరపు చుట్టం. పేగు దీన్ని సరిగ్గా లోపలికి తీసుకోదు, అది నీళ్ళు పోగేసుకుని బయటికి నడుస్తుంది. ఎక్కువైతే ఎవరికైనా ఇంతే, మీకు కొంచెం కూడా పడదు,” అన్నారు. సంతలో బేరిపళ్ళ ముక్కలు రుచి చూసి మరీ బేరమాడిన ప్రతిసారీ ఇల్లు చేరేలోగా ఎందుకు చెమటలు పట్టేవో కూడా అప్పుడే తెలిసింది, వాటిలోనూ అదే ఉంటుందట. అప్పటినుంచి దగ్గు మందు కొన్నా సీసా మీది సన్నక్షరాలు షాపువాడి చేత చదివించందే వదిలేదాన్ని కాదు. “అందరూ ధర అడుగుతారమ్మా, మీరేటి దీని వంశం అడుగుతారు?” అని విసుక్కునేవాడు. ఇప్పుడు నాకూ చక్కెర జబ్బే. పంచదార డాక్టరు వద్దన్నాడు, పంచదార కానిది కడుపు వద్దంటోంది.

ఇక ఆ రోజు బిల్లు, దాపరికం లేకుండా. మిషను నూట ఎనభై, పిన్నివి. డబ్బా ఉచితం. దాని మీద రైలు వేళయ్యేలోగా బంగళాలో మూడుసార్లు, రైల్లో ఒక్కసారి (తెరుబలిలో మొదలై రాయగడలో ముగిసింది), పెరట్లో లెక్కపెట్టలేదు. పాడైన పట్టు అంచు లంగా ఒకటి. బేరగత్తెనన్న పేరు పూర్తిగా. ఇరవయ్యారు బిళ్ళల్లో న్యాయంగా పిన్నికి పెట్టాల్సినవి పదమూడు. పెట్టి ఉంటే నాకు సగం బాధ తగ్గేది. ఆవిడ కడుపు నా కడుపులాంటిదైతే నా వెనకే పరిగెత్తేది, మిషను స్టోర్సుబాబు పెళ్ళాం పట్టుకుపోయేది. పిన్ని గది అద్దెకి తీసుకుంది. ముప్ఫయ్యేళ్ళు నా జాకెట్లన్నీ ఆవిడే కుట్టింది, కుట్టుకూలి ఎప్పుడూ పుచ్చుకోలేదు. నేనూ ఎప్పుడూ ఇవ్వబోలేదు.