గ్రీజు కింద ఫోన్ నంబరు

మా వదిన మరకను ఒక్కసారి వాసన చూసి దాని తాత పేరు చెప్పేస్తుంది. సరే, తాత పేరంటే కాస్త ఎక్కువైంది. తండ్రి పేరు చెబుతుంది. అదీ జలుబు లేనప్పుడు.

బస్టాండు వెనక వీధిలో ముప్ఫై ఏళ్లుగా ఆమెది డ్రైక్లీనింగ్ దుకాణం. ముందు గదిలో హ్యాంగర్లు, వెనక గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, బల్ల మీద రెండు సీసాలు. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో వైట్ పెట్రోలు. బట్ట రాగానే వదిన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది ఎవరి తాలూకు?" బట్ట గురించి కాదు, మరక గురించి. ఆమె దృష్టిలో మరకలన్నీ రెండే ఇళ్లవి: నీళ్ల తాలూకు, నూనె తాలూకు. సొంత చుట్టం వచ్చి పిలిస్తేనే మరక కదులుతుంది. పరాయివాళ్లు ఎంత బతిమాలినా బట్ట వదలదు.

కాన్వెంటులో మాకు సైన్సు చెప్పిన సిస్టరు దీన్నే ధ్రువణత అంది. నీటి అణువుకు ఒక కొసన రవ్వంత ధనావేశం, ఇంకో కొసన రవ్వంత రుణావేశం ఉంటాయి. ఉప్పులోనూ పంచదారలోనూ అలాంటి ఆవేశాలే ఉన్నాయి కనుక నీళ్లు వాటిని పట్టుకుని లాక్కుపోతాయి. నూనె అణువుకు ఆ కొసలు లేవు, నీళ్లకు పట్టు దొరకదు. పెట్రోలూ ఆ బాపతే కనుక నూనె దానిలో హాయిగా కలిసిపోతుంది. ఇది నా బుర్రకెక్కడానికి రెండేళ్లూ ఒక బెత్తమూ పట్టాయి. వదిన చుట్టరికం అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఒకరోజు పొద్దున ఒక మెకానిక్ తెల్ల చొక్కాను పసిబిడ్డలా రెండు చేతుల మీద పెట్టుకొచ్చాడు.

"అక్కా, ఈ గ్రీజు పోవాలి. కింద ఉన్న నంబరు మాత్రం పోకూడదు."

రైల్లో నాలుగు గంటలు ఎదురు సీటులో కూర్చున్న అమ్మాయి దిగేముందు, కాగితం దొరక్క, అతని చొక్కా చేతి మీద తన ఫోన్ నంబరు రాసిందట. ఇతను ఆ సంతోషంలో చొక్కా మార్చుకోవడం మరిచి, నేరుగా షెడ్డుకెళ్లి లారీ కింద దూరాడు. చివరి నాలుగంకెలు గ్రీజు కింద పడ్డాయి.

"ఇంకు పెన్నా, బాల్ పెన్నా?" అంది వదిన.

"నేను పెన్ను వైపు చూడలేదక్కా."

"మరెటు చూశావు?"

మెకానిక్ హ్యాంగర్ల వైపు తిరిగాడు.

"పేరైనా అడిగావా?"

"అడిగేలోపు స్టేషనొచ్చేసింది."

"నాలుగు గంటలు ఏం మాట్లాడావు మరి?"

"గేరుబాక్సు గురించి."

"పాపం," అంది వదిన. ఎవరి గురించో చెప్పలేదు.

ఇంకు పెన్ను సిరా నీళ్ల తాలూకు. పెట్రోలు దాని జోలికి పోదు. బాల్ పెన్ను సిరా జిడ్డుది. అదే అయితే గ్రీజుతోపాటు అమ్మాయి కూడా వెళ్లిపోతుంది. అదృష్టవశాత్తు నంబరు కింద ఒక గీత ఉంది. వదిన ఆ గీత చివర తడి దూది అద్దింది. దూదికి నీలం అంటింది.

"ఇంకు పెన్నే. ఇక చుక్క నీరు కూడా తగలకూడదు. దూరంగా నిలబడు, ఏడ్చేలా ఉన్నావు."

పెట్రోలు అద్దిన కొద్దీ గ్రీజు కదిలింది. ఏడు బయటపడింది, తర్వాత రెండు, తర్వాత తొమ్మిది. కిటికీలోంచి ఎండ వదిన ముఖం మీద పడుతోంది. చివరి అంకె తేలగానే ఇంకా దగ్గరగా వంగింది. ముక్కు చివరి నుంచి ఒక చెమట చుక్క సరిగ్గా దాని మీద రాలింది. చెమటంటే నీళ్లే. సొంత చుట్టం పిలిచేసరికి సిరా ఆగలేదు. మిగిలింది మూడో ఎనిమిదో తెలియలేదు.

"నీళ్లు తగలకూడదని నువ్వే కదక్కా అన్నావు."

"అన్నాను. ముక్కుకు వినపడలేదు."

దుకాణం ఫోన్ నుంచే మొదట చివరి అంకెగా మూడు వేసి చేశాడు. ఒక బొంగురు గొంతు పలికింది.

"రైల్లో గేరుబాక్సు గురించి మాట్లాడింది నేనేనండీ," అన్నాడు మెకానిక్.

అవతలాయన తన లారీ గేరుబాక్సు వారం నుంచి మొరాయిస్తోందని చెప్పి, అడ్రసు ఇచ్చి పెట్టేశాడు.

తర్వాత ఎనిమిది వేశాడు. చాలాసేపు మోగింది.

"ఎవరూ... గేరుబాక్సా?" అంది ఆడగొంతు.

మెకానిక్ ఇస్త్రీ బల్ల మీద కూలబడ్డాడు.

ఇదంతా రాసి వదినకు చదివి వినిపించాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అలాంటి మెకానిక్ ఎవడూ రాలేదు. అలాంటి చొక్కా నేను ముట్టుకోలేదు. నాకసలు చెమటే పట్టదు. చింపెయ్యి మరిదీ."