జవాబు రాసిన పాపానికి

1999. చిట్యాలలో హైవే పక్కనున్న నా ఎస్టీడీ బూత్‌లోనే ఒక కంప్యూటర్ పెట్టి, ఇంటర్నెట్ సెంటర్ అని బోర్డు రాయించాను. ఫోన్ తీగను కంప్యూటర్‌కు కలిపే డబ్బాను మోడెమ్ అంటారు. అది హైదరాబాద్‌కు ఎస్టీడీ కాల్ కలిపితేనే మెయిల్ తెరుచుకునేది. తెరిచి ఉన్నంతసేపూ మీటర్ తిరిగేది.

పక్క ఊరి నేతగాడు యాదగిరికి నేనే మెయిల్ అకౌంట్ తెరిచి ఇచ్చాను. హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో అతని దుప్పట్లు చూసిన ఒక విదేశీ వ్యాపారి, బూడిద రంగులో నేస్తే పెద్ద ఆర్డర్ ఇస్తానని, కొలతలు మెయిల్‌లో పంపుతానని చెప్పాడట. ఆ మాట నమ్మి యాదగిరి ఇంట్లో ఉన్న నూలంతటికీ ఆ రంగే అద్దేశాడు.

తీరా మెయిల్ తెరిస్తే అన్నీ స్పామ్ ఉత్తరాలే. స్పామ్ అంటే ఎవరూ అడగకుండా లోకమంతటికీ పంపే ప్రకటనలు. లాటరీలు, అప్పులు, బరువు తగ్గించే మందులు. యాదగిరి చూస్తే ఎముకల గూడు! తీసేద్దామంటే ఒప్పుకోలేదు.

"నా పేరుకే వచ్చినయి గద మేడం. వద్దని ఒక ముక్కన్న రాయకపోతే ఏమనుకుంటరు? ఉండనీయుండ్రి."

బతిమాలి నా చేత అందరికీ జవాబులు టైప్ చేయించాడు, ఒక్క ఉత్తరాన్నీ తీసెయ్యనివ్వలేదు. దాంతో ఉత్తరాలు ఇంకా పెరిగాయి. జవాబు వచ్చిందంటే ఆ అడ్రస్‌లో మనిషి ఉన్నాడని వాళ్ళకు రూఢి అవుతుంది. అలాంటి అడ్రస్‌లను ఇతరులకు అమ్ముకుంటారు. పోస్టులో ఉత్తరం వేసేవాడు తన స్టాంపు తానే కొనుక్కోవాలి. ఇక్కడ పంపినవాడికి ఖర్చు లేదు, చదివే ఖర్చంతా బస్సు దిగి వచ్చిన నేతగాడిది. ఇది దొంగతనం కాక మరేమిటి?

ఒక మధ్యాహ్నం ఆ వ్యాపారి తాలూకు హైదరాబాద్ మనిషి బూత్‌కు ఫోన్ చేశాడు.

"మా మెయిల్ రెండుసార్లు బౌన్సయింది. మీ పెట్టె ఖాళీ చేసుకోరా? ఆర్డర్ వేరేవాళ్ళకు ఇచ్చేశాం."

మెయిల్ పెట్టె నిండిపోతే కొత్త ఉత్తరం పంపినవాడికే తిరిగిపోతుంది. అదే బౌన్స్.

మరునాడు యాదగిరి తన భార్య లక్ష్మమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. జరిగింది చెప్పాను. ఆ బూడిద రంగు నూలుతో నేసే దుప్పట్లు మన వైపు ఎవరూ కొనరు. లక్ష్మమ్మ తెర మీది ఉత్తరాల వరుసను చాలాసేపు చూసింది.

"గింతమంది రాసిండ్రు గదమ్మా. వాళ్ళల్ల ఒక్కరికన్న దుప్పటి అక్కెర ఉంటదేమో, జర అడిగి చూడు."

అడిగినా, అవతల ఆ మాట చదివే మనిషంటూ లేడు.

ఆ తర్వాత చాలామందికి మెయిల్ నేర్పాను. అందరికీ మొదటి పాఠం ఒకటే: తెలియనివాళ్ళకు జవాబివ్వొద్దు, చదవకుండానే తీసెయ్యండి. ఎవరు పిలిచినా పలికే మనుషులకు పలకొద్దని నేర్పాల్సి వచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.