దిరిసెన పొట్టూ, నా ఆయాసమూ

ఒక ఆదివారం సాయంత్రం వసారాలో కూర్చుని దిరిసెన చెక్కను ఉప్పుకాగితంతో రుద్దుతున్నాను. మంచినీళ్లు తెమ్మని నా భార్యను పిలవబోయాను. "రమణమ్మా" అన్నాను గానీ, తర్వాతి మాటకు ఊపిరి చాలలేదు. రొమ్ములో పిల్లికూతలు వినిపించాయి. కాసేపటికి అదే తగ్గింది. దిరిసెన పొట్టు ఎవరినైనా తుమ్మిస్తుంది, దాన్ని జబ్బని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

అప్పట్లో నేను కోవూరులో గుమాస్తాను. కాపురం ఇంకా తూర్పున, మధ్యాహ్నమైతే సముద్రపు గాలి తగిలే పల్లెలో. చెక్కపని నాకు ఆదివారాల సరదా. పీటలు, పుస్తకాల అర, దీపం పెట్టుకునే గూడు చేసేవాణ్ణి. మా అమ్మాయి సుశీలకు పసితనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. కొనితెచ్చిన చంకకర్రలు పొడవెక్కువై, చంకలో ఒత్తుకుని దాని చేతులు తిమ్మిరెక్కేవి. ఊళ్లో వడ్రంగి చేసిన జత ఎత్తలేనంత బరువు. చివరికి నేనే అమ్మాయిని నిలబెట్టి, కొలత తీసి చేశాను. పిల్ల ఎదుగుతుంది గనుక ఏటా కొత్త జత కావాలి. ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది.

ఆయాసం మళ్లీ మళ్లీ వచ్చింది. కారణం రమణమ్మే తేల్చేసింది.

"అంతా ఆ వసారాలో తగిలే ఉప్పుగాలి. ఇనుముకే తుప్పు పట్టిస్తాది, మీ రొమ్మును వదులుతాదా?"

నాకూ సబబుగానే తోచింది. మా వైపు గాలి సోకిందంటే ఏ జబ్బుకైనా సరిపోతుంది. పనిముట్లన్నీ వెనక వడ్లగదిలోకి మార్చాం. కిటికీకి గోనెపట్ట అడ్డంపెట్టి మేకులు కొట్టాను. తలుపు కింద సందులో ఆమె పాతచీర కుక్కింది. నా మెడకు మఫ్లరు, గదిలో సాంబ్రాణి పొగ. అంత భద్రంగా కూర్చుని రంపం కోస్తే పొట్టు ఎటు పోతుందన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

దగ్గు ముదిరింది. ఆఫీసులో పక్కవాళ్లు కుర్చీలు దూరంగా జరుపుకున్నారు. టీబీ అని పైకి ఎవరూ అనలేదు, అనుకోనివాళ్లూ లేరు. నెల్లూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, కఫం తీసి స్పూటమ్ టెస్ట్ చేశారు. "లంగ్స్ క్లియర్. టీబీ కాదు. బ్లడ్‌లో ఈసినోఫిల్స్ పెరిగాయి, మాత్రలు వాడండి" అన్నాడు డాక్టరు. రమణమ్మ వరండాలోనే కూలబడి ఏడ్చేసింది. మాత్రలు మింగుతూ పని ముట్టకుండా పడుకున్నాను. తేలికపడింది. మాత్రల పుణ్యమే అనుకున్నాం.

ఇంతలో సుశీల హైస్కూలుకు వెళ్లే ఏడు వచ్చింది. ఒక్కసారిగా పొడుగెదిగింది. పాత కర్రలు పొట్టివై వంగి నడుస్తోంది. "నడుం నొస్తా ఉండాది నాయనా" అంది. ఆ మాట విన్నాక పడుకోలేకపోయాను. వడ్లగది తలుపు మూసుకుని కొత్త జత మొదలుపెట్టాను. ఒక కర్ర పూర్తయింది. రెండోదానికి కాళ్లు కోసి, పైచెక్కను రుద్దుతుండగా ఊపిరి పట్టేసింది. పెదాలు నీలంగా మారాయని తర్వాత చెప్పారు.

కారు మాట్లాడి నెల్లూరుకు తీసుకుపోయారు. పెన్న వంతెన మీద అంత గాలి వీస్తోంది, నాకు గుక్కెడు అందడం లేదు. రమణమ్మ అప్పుడు కూడా గాలి తగులుతుందని నా ముఖం మీద దుప్పటి కప్పబోయింది. తోసేశాను. చచ్చిపోతానన్న భయం నాకు మొదటిసారి వేసింది అక్కడే.

అమినోఫిలిన్ ఇంజెక్షన్ నరానికి మెల్లగా ఎక్కించారు. మర్నాడు డాక్టరు మంచం దగ్గర కూర్చున్నాడు.

"ఇది బ్రాంకియల్ ఆస్తమా. ఎక్కువగా ఆదివారాలే వస్తోందంటున్నారు. ఆదివారం ఏం చేస్తారు?"

చెప్పాను.

"ఎక్కడ చేస్తారు?"

"గదిలోనే సార్. గాలి తగలకుండా అంతా మూసేసి."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "గాలి మిమ్మల్ని ఏమీ చెయ్యలేదయ్యా! ఆ పొట్టు చేసింది. ఈసారి రుద్దారంటే ఇక్కడిదాకా రారు. చెక్కపని మానెయ్యండి."

"రెండో కర్ర మిగిలిపోయింది సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. వివరంగా చెప్పేంత ఊపిరి నాకు లేదు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు మంచం మీద నుంచి సుశీల వంగి నడవడం చూశాను. ప్రాణం మీద తీపి నాకూ ఉంది. అయినా ఆ పిల్ల నడుం చూసినప్పుడల్లా మంచం దిగబోయేవాణ్ణి. ఒకరోజు వడ్లగదిలో చప్పుడైంది. సుశీల పటకారుతో కిటికీ మేకులు పీకుతోంది. గోనెపట్ట ఊడి కిందపడింది. చెక్కనూ పనిముట్లనూ వాళ్లమ్మ చేత పెరట్లోకి తెప్పించుకుని, నేలమీద చతికిలబడింది.

"నాయనా, నువ్వు తూర్పు పక్కన కూచో. గాలి నీమీంచి నా వైపు రావాల. పొట్టు అట్టా పోతాది. నువ్వు చెప్పు, నేను చేస్తా."

"ఆడపిల్లకు వడ్రంగమేందే?" అంది రమణమ్మ.

"నడిచేది ఎవురమ్మా, నువ్వా?"

సుశీల ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంది. కర్రల మీద నడిచిన చేతులు గదా, బలంగానే ఉన్నాయి. చిత్రిక మాత్రం చెక్క నారకు ఎదురు తోసి పాడుచేసింది. నాకు ఒళ్లు మండి అరవబోయి దగ్గాను.

"ఊపిరి దాచుకో నాయనా. వేలు చూపించు, చాలు" అంది.

అలాగే వేలు చూపించే నేర్పాను. దాని మొదటి కర్ర నేను చేసినదానికంటే పొట్టిదైంది. పక్కన పడేసి మరొకటి చేసింది.

ఇది జరిగి కొన్నేళ్లయింది. జేబులో ఆయాసానికి ఎఫెడ్రిన్ మాత్ర ఉంటుంది. మంచు కాలంలో తప్ప దాని అవసరం పెద్దగా రాదు. ఉప్పుకాగితం ముట్టను. ఉలి, చిత్రిక సానపట్టి ఇస్తాను, అంతే. సుశీల నెల్లూరులో కాలేజీకి వెళ్తోంది. మొన్న మళ్లీ కొత్త జత చేసుకుని నిటారుగా నిలబడింది. పాత జతను పక్కన పెట్టి కొలిచాను. రెండూ ఒకే పొడవు.

"ఇంక ఎదగను నాయనా" అని నవ్వింది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఎందుకో నాకే తెలియదు.

చెక్కపని చేసేవాళ్లకు ఒక్కటే చెప్తాను. ఆరుబయట, గాలి మీ వీపు మీదుగా పోయేలా కూర్చోండి. చిమ్మే ముందు పొట్టు మీద నీళ్లు చల్లండి. ఆయాసం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే, ఉద్యోగం ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. ఆదివారం ఏం చేస్తారో కూడా ఆయన అడగకముందే చెప్పండి.