చివరి పిల్ల వెళ్లిపోయిన కోయ బడి

కొన్నేళ్ల కిందట ఖమ్మంలో మా టీచర్ల శిక్షణకు డేనియల్ సార్ వచ్చి, కోయ పిల్లలకు ముందు కోయ మాటల్లోనే చదువు చెప్పాలని గంటసేపు వాదించారు. తెలుగు అక్షరాలతోనే కోయ రాయొచ్చు, అది వచ్చిన పిల్లలకు తెలుగు తేలికవుతుంది అని ఆయన నమ్మకం. అందరం చప్పట్లు కొట్టి భోజనాలకు లేచాం. ఆయన మాత్రం పెనుబల్లిలో ఉద్యోగం వదిలేసి, భద్రాచలం అవతల ఒక అడవి పల్లెలో పాక వేసి బడి పెట్టారు. అదింకా నడుస్తోందని విని మొన్న డిసెంబరులో చూడబోయాను.

ఖమ్మంలో పొద్దున ఆరింటికి బస్సెక్కి, కొత్తగూడెం మీదుగా తొమ్మిదిన్నరకు భద్రాచలంలో దిగాను. ఇడ్లీ తిని యాకూబ్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. రానుపోను వెయ్యి రూపాయలు. దుమ్ముగూడెం దాటాక తారు రోడ్డు వదిలి, టేకు చెట్ల మధ్య మట్టిదారి పట్టాం.

"ఆ సార్ బడికా? ఏమున్నదన్నా ఆడ? ఒక్క పిల్లే మిగిలింది," అన్నాడు యాకూబ్.

బడికి చేరి చూస్తే నిజమే. ఒకప్పుడు పాక నిండా ఉన్న పిల్లలు ఒక్కొక్కరే హాస్టళ్లకు పోయారట. మిగిలిన జోగికి ఎనిమిదేళ్లు. వాళ్ల అవ్వ చెప్పిన ఎలుగుబంటి కథను సార్ కోయలో రాసి గోడకు అంటించారు. జోగి దాన్ని గడగడా చదువుతూ మధ్యలో పకపకా నవ్వింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చదివిందంతా ఆ పిల్లకు అర్థమైందని మాత్రం తెలిసింది. సార్ ముఖం వెలిగిపోయింది.

అప్పుడే వాళ్ల నాన్న ముత్తయ్య రేకు పెట్టె మోసుకుని వచ్చాడు. హాస్టల్లో సీటొచ్చిందట.

"ఇంకో ఏడాది ఉంచు ముత్తయ్యా. తెలుగు గూడ పట్టుకుంటది," అన్నారు సార్.

"ఏటా గిదే అంటున్నరు సార్. మా మాట దానికి వచ్చు. దవాఖానాల, బ్యాంకుల మమ్మల్ని జూసి నవ్వేది తెలుగు రాకనే. మీ కొడుకును ఏ మాటల చదివిచ్చిన్రు?"

"ఇంగ్లీషు మీడియం," అన్నారు సార్.

పెట్టెను సారే మోసుకొచ్చి మా ఆటో వెనక కట్టారు. "జర తీసుకపోండి. రోడ్డు దాకా పిల్ల నడవలేదు," అన్నారు నాతో.

"రేపు బడి తెరుస్తారా?" అని అడిగాను.

"తెరుస్త. ఎవరన్న వస్తే?"

దారిలో జోగి తండ్రినేదో అడిగింది. ఏమడిగిందన్నాను.

"ఆడ మా మాట పుస్తకాలుంటయా అంటుంది. ఉండవు, ఆడ మన మాట మాట్లాడకని చెప్పిన," అన్నాడు ముత్తయ్య.

రోడ్డు మీదున్న హాస్టల్ గేటు దగ్గర వాళ్లిద్దరినీ దింపాను. ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి, అర్థం కాని మాటలు బట్టీ పడుతుంది. తిరుగు బస్సులో నాకు సార్ మీద గౌరవం కన్నా కోపమే ఎక్కువ కలిగింది. పదిమంది చేయాల్సిన పని ఒక్కడే నెత్తికెత్తుకున్నాడు. ఆయన ఓడిపోతే ఆయనకు పట్టుదల గల మనిషన్న పేరైనా మిగులుతుంది, జోగికి ఏమీ మిగలదు. ఆయన చెప్పింది తప్పయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

వెళ్లాలనుకునేవారు వానాకాలం పోయాక వెళ్లండి, దారిలోని వాగు పొంగితే ఆటో దాటదు. పలకలు, బిస్కెట్లు మాత్రం కొనకండి, పంచడానికి పిల్లలు లేరు. సార్‌కి కాస్త బియ్యం పట్టుకెళ్లండి.