ఒకే పేరుతో రెండు ఎక్స్‌రేలు

మా ఎక్స్‌రే అక్క పోయిందని నిన్న పొద్దున నకిరేకల్ నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట. అప్పటి నుంచి నాకు ఒక మధ్యాహ్నమే కళ్లముందు మెదులుతోంది.

హైవే పక్కన ఒక చిన్న దవాఖానలో నేను కొత్తగా నర్సుగా చేరిన రోజులవి. అక్క తన గదిలో తీసిన ఎక్స్‌రేకు పేరు పెట్టి, గోడ వెంట సాగిన వైరు గుండా డాక్టరు గది కంప్యూటర్లోని ఫోల్డర్‌కు పంపాలి. రద్దీ ఉంటే ఆ పంపే పని నాది. అక్క ఎంత తొందరలో ఉన్నా ప్రతి మనిషినీ "ఏ ఊరమ్మా మీది?" అని అడిగేది. అది ఊరికే మాట కలపడమనుకునేదాన్ని.

ఆ రోజు పత్తి ఏరే కూలీల ఆటో బోల్తా పడింది. ఆడవాళ్లందరినీ ఒక్కసారే తెచ్చారు. లక్ష్మమ్మ అనే ఆమె ఛాతీ ఎక్స్‌రే పంపాను. కాసేపటికి ఇంకో లక్ష్మమ్మ వచ్చింది. మళ్లీ అదే పేరు కొట్టాను. పాత ఫైలు తీసేసి ఇది పెట్టాలా అని కంప్యూటర్ అడిగింది. వరండాలో ఎవరో గుండెలు బాదుకుంటున్నారు. చదవకుండానే సరే నొక్కేశాను.

మొదటి లక్ష్మమ్మను వార్డుకు తోస్తుంటే అక్క ఎదురొచ్చి స్ట్రెచర్ పట్టుకుంది. లక్ష్మమ్మ పెదాలు నల్లబడుతున్నాయి.

"ఎటు తీస్కపోతున్నవ్?"

"ఏం లేదన్నరక్కా సార్."

"ఎట్ల లేదు? నేను చూసిన గద!"

డాక్టరు గదిలోకి ఉరికింది. "సార్, గిది ఆమెది కాదు, ఇంకో లక్ష్మమ్మది. మొదటి లక్ష్మమ్మకు ఊపిరితిత్తి పక్కన గాలి జేరింది."

నేను పరుగున వెళ్లి అసలు ఫైలు మళ్లీ పంపి వచ్చేసరికి, తెర మీద ఎంత వచ్చిందో చూపే గీత సగంలోనే ఆగిపోయింది.

"గిది వచ్చేదాక ఆగొద్దు సార్. నా రూముకొచ్చి చూడుండ్రి!"

ఆయన వెళ్లి చూశారు. పరుగున వచ్చి లక్ష్మమ్మ పక్కటెముకల మధ్య సూది దించారు. బుస్సుమని గాలి బయటికి వచ్చింది. ఆమె దగ్గింది. ఊపిరి తీసుకుంది.

"ఎవరు పంపిండ్రు గా ఫైలు?" అన్నారు డాక్టరు.

"నేనే సార్," అన్నాను.

"తిట్టుడు తర్వాత సార్. ఇంక నలుగురున్నరు," అంది అక్క.

అందరినీ చూడటం అయ్యాక ఆమె మెట్ల మీద కూలబడింది. నేను పక్కన నిలబడి ఏడుస్తున్నాను.

"పేరొక్కటే సాలదు బిడ్డా. ఊరు రాయి, టైము రాయి. కంప్యూటర్ ఏమన్న అడిగితే జర ఆగి సదువు."

ఈ రోజుకీ అలాగే రాస్తున్నాను.

ఎవరో టీ తెచ్చిచ్చారు. అంతసేపూ నిబ్బరంగా ఉన్న ఆ చేతుల్లో ఇప్పుడు గ్లాసు నిలవడం లేదు. నేను పట్టుకున్నాను. నా చేతిని తన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, లక్ష్మమ్మ ఉన్న వార్డు కిటికీ వైపే చూస్తూ, గుక్క గుక్కగా తాగింది.